పాత సైకిల్‌కు కొత్త ఉద్యోగం

నల్లకుంట నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయన బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్కూటర్. ఆవిడకు ఉప్పల్ వైపు స్కూల్లో ఉద్యోగం రావడంతో ఇప్పుడది ఆవిడకు కావాలి. ఇంకో స్కూటర్ కొనాలంటే నెలనెలా వాయిదాలు. మెట్ల కింద కాలేజీ రోజుల నాటి గేర్ల సైకిల్ ఒకటి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. 'పన్నెండు వేల దాకా పెట్టగలను. దాన్ని రోడ్ బైక్‌లా తయారు చేయించుకుని రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చా? లేక ఇది వీడియోలు చూసి పుట్టిన పిచ్చా?' అని అడిగారు.

పిచ్చేమీ కాదండీ. కాకపోతే వీడియోల్లో చూపించే రోడ్ బైక్ వేరు, ఫీవర్ ఆస్పత్రి చౌరస్తాలో బస్సు పక్కన నిలబడాల్సిన సైకిల్ వేరు. రెండో దాని గురించే ఈ వారం మాట్లాడుకుందాం. ఉత్తరం ఒక్కరిదే అయినా, ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది.

పెట్రోలు లెక్కతో మొదలుపెట్టొద్దు

సైకిల్ అనగానే అందరూ ముందు పెట్రోలు ఆదా లెక్క తీస్తారు. అదీ వేసి చూద్దాం. నల్లకుంట నుంచి బర్కత్‌పుర, నారాయణగూడ, హైదర్‌గూడ మీదుగా బషీర్‌బాగ్‌కు రానూ పోనూ పది కిలోమీటర్లు అనుకోండి. నెలకు పాతిక పని దినాలు, అంటే 250 కిలోమీటర్లు. స్కూటర్ లీటరుకు 45 ఇస్తే అయిదున్నర లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు ఆరు వందలు కూడా కాదు. పన్నెండు వేలు తిరిగి రావడానికి ఇరవై నెలలు పైనే పడుతుంది. ఈ ఒక్క లెక్క చూసుకుని దిగినవాళ్లు మొదటి వానకే సైకిల్‌ను మళ్లీ మెట్ల కిందకు చేరుస్తారు.

అసలు లెక్క రెండో స్కూటర్‌ది. కొత్తది రోడ్డు మీదకు వచ్చేసరికి లక్షకు దగ్గరవుతుంది. దానిపై వడ్డీ, ఏటేటా ఇన్సూరెన్సు, సర్వీసింగు, అపార్ట్‌మెంట్ కింద ఇంకో పార్కింగ్ చోటు. పన్నెండు వేల సైకిల్ ఆ లక్షను ఆపగలిగితే అది మంచి బేరమే. ఆపలేకపోతే, అంటే ఆరు నెలల తర్వాత ఎలాగూ స్కూటర్ కొనే పరిస్థితే వస్తే, ఈ పన్నెండు వేలూ దండగ. కాబట్టి ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదే. వారంలో నాలుగు రోజులైనా తొక్కగలనా? తొక్కలేని రోజున ఆఫీసుకు చేరే దారి ఉందా? ఈ దారిలో బస్సులకు కొదవ లేదు. నారాయణగూడలో 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో స్టేషన్ కూడా ఉంది. అందుకే రెండో ప్రశ్నకు నల్లకుంటలో జవాబు సులువు. మొదటి ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది.

మెట్ల కింద ఉన్నది పనికొస్తుందా?

పాత సైకిల్‌లో పనికొచ్చే ఆస్తి ఫ్రేము ఒక్కటే. మిగతావన్నీ మార్చుకోవచ్చు. అందుకే ముందు తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి ఫ్రేమును చూడండి. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట పెయింటు ముడతలు పడిందా? సన్నటి గీతలా పగులు ఉందా? పడిపోయిన, గుద్దుకున్న సైకిల్‌కు దెబ్బ తెలిసేది అక్కడే. ముందు ఫోర్కు పక్క నుంచి చూస్తే వెనక్కి నెట్టినట్టు ఉందా? సీటు గొట్టం కదులుతుందా, తుప్పుతో అతుక్కుపోయిందా?

ఇనుప ఫ్రేము అయితే అయస్కాంతం అంటుకుంటుంది. ఇనుము బరువే గానీ ఓర్పు ఎక్కువ. కాస్త వంగితే సరిచేయొచ్చు, అవసరమైతే వెల్డింగూ చేయించవచ్చు. అల్యూమినియం ఫ్రేముకు పగులు కనిపిస్తే మాత్రం ఆలోచన అక్కడితో ఆపేయండి. దాన్ని వీధి వెల్డింగుతో అతికించి బస్సుల మధ్య తొక్కడం సాహసం కాదు, మూర్ఖత్వం.

కొలత కూడా ముఖ్యమే. ఫ్రేముకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్‌పై ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. సీటుకు అదే సరైన ఎత్తు. చాలామంది సీటు బాగా దించేసి తొక్కుతారు, రెండు వారాలకు మోకాళ్లు నొప్పి అని మానేస్తారు. తప్పు వయసుది కాదు, సీటుది.

ఒకవేళ మెట్ల కింద ఉన్నది గేర్ల సైకిల్ కాక తాతగారి నాటి హీరోనో, అట్లాసో, హెర్క్యులిసో అయితే? దాన్ని రోడ్ బైక్ చేయాలని చూడకండి. అది ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉండే బండి. రాడ్ బ్రేకులు, ఇనుప రిమ్ములు, కాటర్ పిన్నుతో బిగించే క్రాంకు. ఒక్కోటీ మారుస్తూ పోతే కొత్త సైకిల్ ఖర్చు అవుతుంది, చేతిలో మాత్రం పాత సైకిలే ఉంటుంది. దాన్ని అలాగే ఓవర్‌హాలింగు చేయించి కూరగాయల మార్కెట్‌కు వాడుకోండి. అందులో అది రారాజు.

పాతది పనికిరాదని తేలితే బెంగ వద్దు. సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. గేర్లు లేని, తేలికపాటి కొత్త సైకిల్ ఒకటి మీ బడ్జెట్‌కు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. ఫ్రేము కూడా కొనాల్సి వస్తే సొంతంగా తయారు చేయించడం దాదాపు ఎప్పుడూ చవక కాదు. ఫ్రేము చేతిలో ఉన్నవాళ్లకే ఈ లెక్క కుదురుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు బిల్లో, అమ్మినవాళ్ల చేతి రాతో తీసుకోండి. బిల్లు లేకుండా మరీ చవకగా వచ్చిందంటే అది ఎవరింటి మెట్ల కింద నుంచి వచ్చిందో ఆలోచించాలి.

టైరు పక్కన చిన్న అంకె

టైరు, రిమ్ము కొనడానికి వెళ్లేముందు పాత టైరు పక్కన అచ్చు వేసిన అంకె రాసుకుని వెళ్లండి. 28 సైజు, 27 సైజు అని షాపులో అంటారు గానీ ఆ మాటలను నమ్ముకుంటే ఒక పూట వృథా. 28-622 అనో 32-630 అనో 40-635 అనో చిన్నగా ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రోడ్ బైకులకు, హైబ్రిడ్‌లకు ఇప్పుడు వచ్చేది 622. దాన్నే 700 సి అంటారు. పాత స్పోర్ట్స్ సైకిళ్లలో 630, మన నల్ల సైకిళ్లలో 635 కనిపిస్తాయి. అన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

630 నుంచి 622కు మారితే రిమ్ము అంచు నాలుగు మిల్లీమీటర్లు కిందకు దిగుతుంది. 635 నుంచి అయితే ఆరున్నర. బ్రేకు రబ్బరు అంత కిందకు అందుతుందో లేదో చూసుకున్నాకే కొత్త రిమ్ములకు డబ్బు ఇవ్వాలి. అందకపోతే పొడుగు చేతుల బ్రేకు తీసుకోవాలి.

వెడల్పు సంగతికొస్తే, రేసు సైకిళ్ల సన్న టైర్ల జోలికి పోవద్దు. మన గుంతలకు 32 మిల్లీమీటర్లు హాయి. ఫ్రేములో చోటు చాలకపోతే 28. డెబ్బై కిలోల మనిషికి 32 టైరులో 60 నుంచి 70 పీఎస్ఐ గాలి సరిపోతుంది. ట్యూబు కొనేటప్పుడు మోటార్ సైకిల్‌కు ఉండే లావు వాల్వుదే అడగండి. రోడ్ బైకుల ట్యూబులకు సన్నటి వాల్వు వస్తుంది, మామూలు పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. సగం దారిలో గాలి తగ్గితే ఆ సంగతి తెలిసొస్తుంది. రిమ్ము రంధ్రం సన్న వాల్వుకు చేసినదైతే మెకానిక్ దాన్ని డ్రిల్లుతో ఎనిమిదిన్నర మిల్లీమీటర్లకు పెద్దది చేస్తాడు. అయిదు నిమిషాల పని.

డబ్బు పెట్టాల్సిన చోటు

ఉన్న పన్నెండు వేలల్లో దేనికి ముందు ఖర్చు పెట్టాలి అంటే, ఆగడానికి. పరుగు తర్వాత.

ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు పొడి రోజుల్లో బాగానే పడుతుంది. తడిస్తే పట్టు చాలా తగ్గిపోతుంది. బ్రేకు నొక్కాక కూడా సైకిల్ జారుతూ ముందుకు పోతుంది. జులై నుంచి అక్టోబర్ దాకా మన ఊళ్లో అలాంటి సాయంత్రాలు ఎన్నో లెక్క లేదు. హుస్సేన్‌సాగర్ నాలా పొంగితే అశోక్‌నగర్ నుంచి నల్లకుంట పద్మా కాలనీ దాకా నీళ్లు నిలవడం మనకు కొత్త కాదు. ఊరి పేరులోనే కుంట ఉంది మరి. కాబట్టి ఇనుప రిమ్ములు ఉంటే తీసేసి డబుల్ వాల్ అల్లాయ్ రిమ్ములు వేయించండి. ముప్పై ఆరు స్పోకులవి తీసుకోండి. చూపుకు మోటుగా ఉన్నా, ఒక స్పోకు తెగినా ఇంటి దాకా చేరుస్తాయి.

బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, కేబుల్ పై తొడుగులు మొత్తం కొత్తవే. పాత రబ్బరు చూడటానికి మందంగానే ఉన్నా ఏళ్లు గడిచాక గట్టిపడి రాయిలా అవుతుంది. గోరుతో గీరితే తెలుస్తుంది. ముందు బ్రేకు మీద అనుమానంతో దాన్ని వదులుగా ఉంచేసేవాళ్లు ఉన్నారు. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. రెండూ సరిగ్గా ఉండాలి, రెండూ కలిపి నొక్కడం అలవాటు కావాలి.

ఇక వంపు హ్యాండిల్. రోడ్ బైక్ అంటే అదే కదా అంటారు. దాంతో గేరు, బ్రేకు కలిసి ఉండే లివర్లు కావాలి. మంచి జత ఒక్కటే మీ బడ్జెట్‌లో సగానికి పైగా మింగేస్తుంది. చవకలో అదనపు బ్రేకు పుల్ల తగిలించి ఇస్తారు, అది వంగుతుంది తప్ప గట్టిగా పట్టదు. బర్కత్‌పుర చమన్ దగ్గర ఆటో ఎటు తిరుగుతుందో ఆటోవాడికే తెలియదు. అలాంటి చోట వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి, తల పైకి ఉండాలి. తిన్నటి హ్యాండిల్ పెట్టుకోండి. ఫ్రేము, చక్రాలు రోడ్ బైకువే అయినప్పుడు తొక్కడంలో ఆ తేలిక మీకు ఎలాగూ వస్తుంది.

గేర్లు ఎన్ని? పాత గేర్లు పనిచేస్తుంటే వెనక ఉన్నవి ఉంచండి, ముందు ఒక్కటే పళ్లచక్రం చాలు. పాడైపోతే మాత్రం కొత్త గేరు సెట్టు కొనకండి. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు పెడితే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ అయిదు మీటర్ల పైచిలుకు వెళుతుంది. నిమిషానికి అరవై చుట్లు తీరిగ్గా తొక్కినా గంటకు 18 కిలోమీటర్లు దాటుతుంది. నల్లకుంట నుంచి బషీర్‌బాగ్ దాకా సిగ్నళ్లు కలుపుకుని అరగంట లోపు పని. ఒకటే గేరు అంటే చెడిపోయే వస్తువులు అరడజను తగ్గినట్టు.

చైను మాత్రం కొలవండి. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. అది ఎనిమిదో వంతు అంగుళం దాటిందంటే చైను సాగిపోయింది. దాంతోపాటు వెనక ఫ్రీవీలూ అరిగే ఉంటుంది, రెండూ కలిపి మార్చాలి.

వీధి చివర మెకానిక్‌ను అడగండి

నేను ఒక్కటే సూత్రం చెబుతాను: మీ వీధి చివర మెకానిక్ బాగుచేయలేని భాగం మీ సైకిల్‌కు వద్దు. డిస్కు బ్రేకులు, ముందు షాకులు, లోపలి నుంచి వెళ్లే కేబుళ్లు, ఇవన్నీ షోరూములో ముచ్చటగా ఉంటాయి. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆగిపోతే వాటికి మందు వేసేవాడు పక్క వీధిలో ఉండడు. ఆ రోజు ఆఫీసులో సగం పూట సెలవు. జీతంలో కోత పడే ఉద్యోగమైతే అదీ సైకిల్ ఖర్చే.

కాబట్టి సామాన్లు కొనేముందు సైకిల్‌ను మెకానిక్ దగ్గరకు నడిపించుకుని వెళ్లండి. 'ఏం వేస్తే మీ చేత్తో అవుతుంది?' అని అడగండి. విద్యానగర్, రామ్‌నగర్, అడిక్‌మెట్ వైపు సందుల్లో పాత చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. చక్రాన్ని తిప్పుతూ బ్రేకు రబ్బరు పక్కన సందు చూసి, ఏ స్పోకు ఎంత బిగించాలో చెవితో పట్టేస్తారు. యంత్రం అక్కర్లేదు. వాళ్ల దగ్గర పది రూపాయలకు బేరమాడకండి. చక్రం కట్టే పని తెలిసిన మనిషి మీ వీధిలో మిగిలి ఉండటం మీ సైకిల్‌కు ఉన్న అసలైన గ్యారంటీ.

సొంతంగా విప్పే సరదా ఉంటే రెండు మెలికలు గుర్తుంచుకోండి. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. కుడి వైపున క్రాంకు కింద కప్పు మరలు కూడా అంతే. దాన్ని బీఎస్ఏ మర అంటారు. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే పాత ఇంగ్లిష్ కంపెనీ పేరులోని అక్షరాలవి. మన బీఎస్ఏ సైకిళ్లకు వచ్చిన పేరూ అదే. మామూలు మరలా అనుకుని బలమంతా పెట్టి తిప్పితే విప్పడం పోయి ఇంకా బిగిస్తారు.

కాగితం మీద మొత్తం

ధరలు షాపును బట్టి, బేరాన్ని బట్టి మారతాయి. చేతిలో ఫ్రేము ఉన్నవాళ్లకు ఇది ఉజ్జాయింపు.

రెండు అల్లాయ్ రిమ్ములు, స్పోకులు, చక్రాలు కట్టే కూలి కలిపి 2,600. టైర్లు, ట్యూబులు 2,000. బ్రేకులు, లివర్లు, కేబుళ్లు, రబ్బర్లు 1,700. చైను, ఫ్రీవీలు 900. గుండ్లు, గ్రీజు, ఓవర్‌హాలింగు 800. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, బెల్లు 1,000. ఇక్కడికి తొమ్మిది వేలు.

హెల్మెట్, ముందు వెనక లైట్లు, తాళం కలిపి 2,500. అక్కడికి 11,500. మిగిలిన అయిదు వందలకు చేతి పంపు, ప్యాచీల డబ్బా.

ఈ లెక్కలో చాలామంది మొదట కొట్టేసేది హెల్మెట్, లైట్లు. తర్వాత కొందాంలే అంటారు, ఆ తర్వాత రాదు. తగ్గించాలంటే రిమ్ములు చూడండి. ఉన్నవి అల్లాయ్‌వే అయ్యి, వంకర లేకుండా ఉంటే బెండు తీయించి వాడుకోండి, అక్కడే రెండు వేల పైన మిగులుతుంది. మడ్‌గార్డు కూడా తీసేయకండి. రోడ్ బైక్‌కు అవి ఉండవు, స్టైలు పోతుంది అంటారు. వానలో వీపు మీద బురద చారతో ఆఫీసులో అడుగుపెట్టినప్పుడు స్టైలు సంగతి తెలుస్తుంది. తాళం వేసేటప్పుడు చక్రానికి కాదు, ఫ్రేమును కదలని దేనికైనా కలిపి వేయండి. క్రాంకు కింద ఫ్రేము నంబర్ గుద్ది ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని కోచింగ్‌లకు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి తిరిగే కుర్రాళ్లకు ఈ ఖర్చు అక్కర్లేదు. కిలోమీటరు రెండు కిలోమీటర్లకు నల్ల సైకిలే చాలు. వాళ్లు పెట్టాల్సింది బ్రేకు రబ్బర్లకు, గట్టి తాళానికి మాత్రమే.

దారి కూడా సైకిల్‌లో భాగమే

మన నగరంలో పేరున్న సైకిల్ ట్రాక్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్లు. 2023 అక్టోబర్ 1న మొదలైంది. బాగుంది. అయితే అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. నల్లకుంట మనిషికి అది ఆదివారం ముచ్చట. సోమవారం నుంచి మనకు ఉన్నది బస్సులు, ఆటోలు, మెట్రో స్తంభాల మధ్య మిగిలిన రోడ్డే.

ఆ రోడ్డు మీద కొన్ని పద్ధతులు పాటిస్తే చాలావరకు బయటపడొచ్చు. కుడి చేతి పక్క మెట్రో స్తంభం, ఎడమ చేతి పక్క బస్సు ఉన్న సందులోకి ఎప్పుడూ దూరకండి. ఆగిన బస్సును ఎడమ వైపు నుంచి దాటకండి, దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట వేగంగా వచ్చేవాళ్లతో పోటీ పడకండి, కింది రోడ్డే మనది. తడి రోజుల్లో మ్యాన్‌హోల్ మూతల మీద, రోడ్డు మీద తెల్ల గీతల మీద హ్యాండిల్ తిప్పడం, బ్రేకు నొక్కడం రెండూ వద్దు. నీళ్లు నిలిచి రోడ్డు కనిపించకపోతే దిగి నడవండి. ఆ రోజు ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు, అన్నా పట్టించుకోకండి.

సైకిల్ తయారయ్యాక వెంటనే సోమవారం బయల్దేరొద్దు. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి ఇంటి నుంచి ఆఫీసు గేటు దాకా వెళ్లి రండి. ఏ సందులో నుంచి వెళ్తే పెద్ద రోడ్డు తప్పుతుంది, ఎక్కడ ఎత్తు వస్తుంది, ఆఫీసు దగ్గర తాళం ఎక్కడ వేయాలి, చొక్కా ఎక్కడ మార్చుకోవాలి, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. కొత్త కేబుళ్లు మొదటి వారంలో కాస్త సాగుతాయి, కొత్త స్పోకులు కొంచెం వదులవుతాయి. కాబట్టి వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి బిగింపు చూపించండి. ఆ యాభయ్యో వందో మిగుల్చుకుందామనుకోకండి.

ఉత్తరం రాసిన పెద్దమనిషికి చివరి మాట. రెండో స్కూటర్ నిర్ణయాన్ని రద్దు చేయకండి, మూడు నెలలు వాయిదా వేయండి. నెల వాయిదాగా కట్టాల్సిన సొమ్మును ఆ మూడు నెలలూ బ్యాంకులో విడిగా వేస్తూ సైకిల్ మీద వెళ్లండి. మూడో నెలాఖరుకు ఏ రోజులు తొక్కారో, ఏ రోజులు బస్సెక్కారో క్యాలెండర్‌లో గుర్తులు ఉంటాయి. అవి చూసి ఆవిడా మీరూ కలిసి తేల్చుకోండి. తొక్కిన రోజులే ఎక్కువుంటే ఆ బ్యాంకు డబ్బు మీ ఇంటిదే. తక్కువుంటే అదే స్కూటర్‌కు ముందు కట్టే సొమ్ము అవుతుంది. ఎటు తిరిగినా, బ్రేకులు బాగున్న సైకిల్ ఒకటి ఇంట్లో మిగులుతుంది.